అర్థం కాలేదని చెప్పగలగడం: వెబ్ సేవల సందేశ ప్రోటోకాళ్లు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వేర్వేరు సంస్థలు, వేర్వేరు ప్రోగ్రామింగ్ భాషల్లో నిర్మించుకున్న కంప్యూటర్ వ్యవస్థలు పరస్పరం దత్తాంశాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి సందేశ ప్రోటోకాళ్లు ఆధారమవుతున్నాయి. వీటిలో ఎక్కువ ప్రభావం చూపిన సోప్ ప్రోటోకాల్ నిర్మాణాన్ని వివరించి, దాని తరువాత వచ్చిన జేసన్ పద్ధతితోనూ, భారతదేశంలోని యూపీఐ సందేశాలతోనూ పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. సందేశాన్ని చేరవేయడం కంటే, చేరిన సందేశం గ్రహీతకు అర్థం కానప్పుడు ఏం జరగాలో ముందే నిర్ణయించుకోవడం కష్టమైన పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు లిపిలోని దత్తాంశం ఈ సందేశాల్లో ప్రయాణించేటప్పుడు తలెత్తే సమస్యలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: వెబ్ సేవలు, సోప్, ఎక్స్ఎంఎల్, జేసన్, యూనికోడ్, యూపీఐ.

1. ఉపోద్ఘాతం:
టీకొట్టు దగ్గర క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పది రూపాయలు పంపే మనిషి చూసేది ఫోను తెర మీద ఒక పచ్చని గుర్తు మాత్రమే. ఆ గుర్తు కనిపించేలోగా అతని యాప్, అతని బ్యాంకు, కొట్టు యజమాని బ్యాంకు, నడుమ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యవస్థ పరస్పరం అనేక సందేశాలు పంపుకుంటాయి. వీటిని నిర్మించినవారు ఒకరినొకరు ఎరుగరు. వాడిన భాషలు వేరు, డేటాబేసులు వేరు. అయినా పది రూపాయలు పది రూపాయలుగానే చేరాలి.

మనుషుల కోసం తయారైన వెబ్ పేజీ మీద “బాకీ 1,250” అని ఉంటే, అది రూపాయల్లో ఉందనీ, కామా వేల స్థానాన్ని వేరుచేస్తోందనీ చదువరి ఊహించుకుంటాడు. ప్రోగ్రాముకు ఆ ఊహాశక్తి లేదు. దానికి ప్రతి అంశమూ పేరుతో, రకంతో, నిర్ణీతమైన చోటులో అందాలి. నిర్మాణబద్ధ దత్తాంశమంటే ఇదే.

ఈ అవసరం వెబ్‌తో పుట్టింది కాదు. 1990లలోనే కోర్బా, డీకామ్ వంటి పద్ధతులు ఒక యంత్రంలోని ప్రోగ్రాము మరొక యంత్రంలోని ప్రోగ్రామును పిలిచే ఏర్పాటు చేశాయి. అయితే అవి ద్విసంఖ్యారూపంలో మాట్లాడేవి. రెండు వైపులా సరిపడే సాఫ్ట్‌వేర్ ఉండాలి. సంస్థల ఫైర్‌వాళ్లు వాటి దారులను సాధారణంగా మూసి ఉంచేవి. వెబ్ పేజీల కోసం హెచ్‌టీటీపీ దారి మాత్రం దాదాపు ప్రతిచోటా తెరిచి ఉండేది. 1998 ఫిబ్రవరిలో ఎక్స్ఎంఎల్ 1.0 వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సిఫారసుగా వెలువడింది. తెరిచి ఉన్న దారిలో, ఎవరైనా చదవగల పాఠ్యరూపంలో సందేశం పంపవచ్చన్న ఆలోచన నుండి ఆ ఏడాదే ఎక్స్ఎంఎల్-ఆర్‌పీసీ, ఆ తరువాత సోప్ వచ్చాయి. సోప్ 1.1 పత్రం 2000 మేలో కన్సార్టియం నోట్‌గా ప్రచురితమైంది. 1.2 సంచిక 2003 జూన్‌లో సిఫారసు స్థాయిని పొందింది. మొదట ‘సింపుల్ ఆబ్జెక్ట్ యాక్సెస్ ప్రోటోకాల్’ అన్న మాటలకు పొడి అక్షరాలుగా ఉన్న ఈ పేరును 1.2 నాటికి విస్తరించి చెప్పడం మానేశారు. అప్పటికి అది అంత సింపుల్‌గానూ లేదు, ఆబ్జెక్టులకే పరిమితమూ కాదు.

2. కవరు, శీర్షం, దేహం:
సోప్ సందేశం ఒక ఎక్స్ఎంఎల్ పత్రం. దాని వెలుపలి మూలకం పేరు ఎన్వలప్, అంటే కవరు. అందులో హెడర్ అనే శీర్షభాగం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బాడీ అనే దేహభాగం మాత్రం తప్పనిసరి. పంపవలసిన అసలు విషయం దేహంలో ఉంటుంది. ఆ విషయాన్ని ఎలా చూడాలన్న సూచనలు శీర్షంలో ఉంటాయి. పంపినవారి గుర్తింపు, డిజిటల్ సంతకం, లావాదేవీ సంఖ్య వంటివి ఈ కోవలోకి వస్తాయి. తపాలా ఉద్యోగి పిన్‌కోడ్ చూసి ఉత్తరాన్ని సంచిలో వేస్తాడే కానీ చించి చదవడు. అలాగే దారిలోని మధ్యవర్తి సర్వర్లు తమను ఉద్దేశించిన శీర్షాంశాలను చూసుకుంటే చాలు, దేహం జోలికి పోనక్కరలేదు.

వేర్వేరు సంస్థల మూలకాలు ఒకే సందేశంలో కలిసినప్పుడు పేర్లు తారుమారు కాకుండా నేమ్‌స్పేస్ అనే ఏర్పాటు ఉంది. ఒకే ఊళ్లో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరుతో గుర్తుపడతాం. విద్యుత్ సంస్థవారి ‘ఖాతా’, బ్యాంకువారి ‘ఖాతా’ ఒకే సందేశంలో పక్కపక్కన ఉన్నా, ఇంటిపేరు వంటి ఈ నేమ్‌స్పేస్ వల్ల ఏది ఎవరిదో తెలుస్తుంది. ఏ సేవ ఏ సందేశాన్ని స్వీకరిస్తుంది, ఏది తిరిగి ఇస్తుంది అన్న వివరణను డబ్ల్యూఎస్‌డీఎల్ అనే మరొక పత్రం యంత్రానికి అర్థమయ్యే రీతిలో చెబుతుంది.

3. అర్థం చేసుకోక తప్పని అంశాలు:
సోప్‌లో ఎక్కువ మంది పట్టించుకోని విశేషం ఒక చిన్న గుర్తు. శీర్షంలోని ఏ అంశానికైనా ‘మస్ట్ అండర్‌స్టాండ్’ అనే లక్షణాన్ని జోడించవచ్చు. ఆ గుర్తు ఉన్న అంశం తనను ఉద్దేశించినదై ఉండి, దాని అర్థం తనకు తెలియకపోతే, గ్రహీత సందేశాన్ని అమలు చేయకూడదు. ‘ఫాల్ట్’ అనే దోషసందేశాన్ని తిరిగి పంపాలి. ఈ పరీక్ష సందేశాన్ని అమలు చేయడానికి ముందే జరగాలన్నది 1.2 నియమం. సగం పని చేసి, ఆ తరువాత అర్థం కాలేదనడానికి వీల్లేదు.

వెబ్ సంప్రదాయం దీనికి పూర్తిగా భిన్నమైనది. బ్రౌజరు తనకు తెలియని హెచ్‌టీఎంఎల్ ట్యాగును పట్టించుకోదు. సర్వరు తనకు తెలియని హెచ్‌టీటీపీ శీర్షాన్ని సాధారణంగా వదిలేస్తుంది. ఈ ఉదారత వల్లనే పాత బ్రౌజర్లలో కొత్త పేజీలు ఏదో ఒక రూపంలో తెరుచుకుంటూ వచ్చాయి. పేజీలో ఒక అలంకారం లోపిస్తే నష్టం లేదు. కానీ “రెండో బ్యాంకు అంగీకరిస్తేనే ఈ మొత్తాన్ని తీసివేయాలి” అన్న సూచనను తెలియదని వదిలేసి మొత్తాన్ని తీసివేస్తే ఏమవుతుంది? సోప్ 1.1 పత్రంలో ఈ గుర్తుకు ఇచ్చిన ఉదాహరణ కూడా లావాదేవీకి సంబంధించిన శీర్షాంశమే కావడం గమనార్హం. మౌనంగా పొరబడడం కంటే బహిరంగంగా నిరాకరించడం మేలన్న నిర్ణయం అందులో ఉంది.

4. జేసన్ తెచ్చిన సౌలభ్యం, వదిలేసిన జాగ్రత్త:
సోప్ చుట్టూ భద్రతకు, విశ్వసనీయతకు, లావాదేవీలకు అనేక అనుబంధ ప్రమాణాలు పెరిగాయి. ఒక చిన్న ప్రశ్నకు పేజీడు ఎక్స్ఎంఎల్ రాయవలసిరావడం ప్రోగ్రామర్లకు విసుగు పుట్టించింది. 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధనగ్రంథంలో ప్రతిపాదించిన రెస్ట్ నిర్మాణశైలి, జావాస్క్రిప్టు నుండి పుట్టిన తేలికైన జేసన్ రూపం క్రమంగా ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఈ మార్పు సమంజసమైనదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కానీ దానికి చెల్లించిన మూల్యాన్ని కూడా చూడాలి.

జేసన్‌లో నేమ్‌స్పేస్ లేదు. అర్థం చేసుకోక తప్పదనే గుర్తు లేదు. తెలియని అంశాన్ని వదిలేయడమే ఎక్కువగా అలవాటైంది. తేదీకి ప్రత్యేకమైన రకం కూడా లేదు. 03-04-2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. ఎక్స్ఎంఎల్ స్కీమా తేదీరకంలో అది 2025-04-03 రూపంలోనే ఉండాలి. అక్కడ దశాంశసంఖ్యలో కామాలు చెల్లవు, ౧౨౫ వంటి తెలుగు అంకెలూ చెల్లవు. జేసన్ కూడా సంఖ్యను ఎలా రాయాలో చెబుతుంది. అయితే ఎంత పెద్ద సంఖ్యను ఎంత కచ్చితంగా నిలుపుకోవాలో నిర్బంధించదు. జావాస్క్రిప్టులోని సాధారణ సంఖ్యారకంలోకి 9007199254740993ను చదివితే అది 9007199254740992 అవుతుంది. దోషసందేశం ఏదీ రాదు. పొడవైన ఖాతాసంఖ్యలను అంకెల్లో ఉన్నా పాఠ్యంగానే పంపాలనడానికి కారణం ఇదే. సంఖ్యగా చూస్తే మొదట్లోని సున్నాలు కూడా పోతాయి.

5. సందేశంలో తెలుగు అక్షరం:
ఎక్స్ఎంఎల్‌ను చదివే ప్రతి సాధనమూ యూటీఎఫ్-8, యూటీఎఫ్-16 సంకేతరూపాలను గుర్తించాలన్నది మొదటినుండీ ఉన్న నియమం. 2017 నాటి జేసన్ ప్రమాణం బహిరంగ వినిమయానికి యూటీఎఫ్-8ను తప్పనిసరి చేసింది. కాబట్టి తెలుగు పేరును తెలుగులోనే పంపడానికి ప్రోటోకాళ్లలో ఆటంకమేమీ లేదు. చిక్కు కొలతలో ఉంది. ‘తెలుగు’ అన్న మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో హల్లు, అచ్చుగుర్తు విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కనుక మొత్తం పద్దెనిమిది బైట్లు. హెచ్‌టీటీపీలో సందేశపు పొడవును బైట్లలో చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలతోనే పరీక్షించిన ప్రోగ్రాము సంకేతాలను లెక్కించి ఆరు అని చెబితే, ఆరు బైట్లే చదివిన గ్రహీతకు ‘తె’ మాత్రమే దక్కుతుంది.

దీనికంటే సూక్ష్మమైనది ఐత్వం సమస్య. యూనికోడ్‌లో ఐత్వానికి ఒక సంకేతం ఉంది. దానినే ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం దృష్టిలో ఈ రెండూ సమానమే. ‘శైలజ’ అన్న పేరు రెండు విధాలా ఒకేలా కనిపిస్తుంది, కానీ బైట్లు వేరు. విడదీసిన రూపం అరుదుగానే ఎదురవుతుంది. ఎదురైనప్పుడు మాత్రం, దారిలోని ఒక సర్వరు మేలు చేస్తున్నాననుకుని రెండు సంకేతాలను ఒకటిగా కలిపితే, అసలు బైట్ల మీద చేసిన డిజిటల్ సంతకం చెల్లదు. సంతకాలకు ముందు ఎక్స్ఎంఎల్‌ను ఒక ప్రామాణికరూపంలోకి తెచ్చే కెనానికల్ ఎక్స్ఎంఎల్ ప్రమాణం ఉన్నా, అది అక్షరాల స్థాయిలో ఇలాంటి ఏకీకరణ చేయదు. అందువల్ల యూనికోడ్ ఏకీకరణ సంతకానికి ముందే, పంపేవారి దగ్గరే పూర్తికావాలి. ఫేస్‌బుక్ వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనబడకుండా చేరే విభాజక సంకేతం కూడా పేర్లను పోల్చేటప్పుడు ఇటువంటి చిక్కే తెస్తుంది. దీన్ని యూనికోడ్ ఏకీకరణ తొలగించదు కనుక విడిగా చూసుకోవాలి.

6. జవాబు రానప్పుడు:
పంపిన సందేశానికి జవాబు రాలేదంటే అర్థాలు మూడు. సందేశం చేరి ఉండకపోవచ్చు. చేరి, పని పూర్తయి, జవాబు దారిలో పోయి ఉండవచ్చు. పని ఇంకా జరుగుతూ ఉండవచ్చు. పంపినవారికి ఈ మూడింటిలో ఏదో తెలుసుకునే వీలు లేదు. మళ్లీ పంపితే రెండుసార్లు డబ్బు పోవచ్చు, పంపకపోతే అసలు పోకపోవచ్చు. హెచ్‌టీటీపీలో ‘గెట్’, ‘పుట్’ వంటి పద్ధతులు ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినంత ఫలితమే ఇవ్వాలి. సాధారణంగా చెల్లింపులకు వాడే ‘పోస్ట్’కు ఆ హామీ లేదు.

2016లో మొదలైన యూపీఐ సోప్‌ను వాడదు. దాని సాంకేతిక వివరణలో ఉన్నవి హెచ్‌టీటీపీఎస్ మీదుగా వెళ్లే, డిజిటల్ సంతకం కలిగిన ఎక్స్ఎంఎల్ సందేశాలు. అయినా సోప్ శీర్షం చేసే పనుల్లో కొన్నింటిని అందులో ‘హెడ్’ అనే మూలకం చేస్తుంది. సంచిక, సమయం, పంపిన సంస్థ, సందేశసంఖ్య అందులో ఉంటాయి. ‘రెక్‌పే’ అనే చెల్లింపు కోరిక అందగానే గ్రహీత ‘అందింది’ అన్న గుర్తింపును మాత్రమే ఇస్తుంది. ఫలితం ‘రెస్ప్‌పే’ అనే వేరే సందేశంగా తరువాత వస్తుంది. అందడం వేరు, జరగడం వేరు అన్న భేదాన్ని ఇక్కడ సందేశాల నిర్మాణంలోనే పొందుపరిచారు. ప్రతి లావాదేవీకీ దానిదే అయిన ఒక సంఖ్య ఉంటుంది. ఫలితం రాకపోతే చెల్లింపు కోరికను కొత్తగా పంపరు. అదే సంఖ్యను పేర్కొంటూ దాని స్థితి ఏమిటని ‘రెక్‌చెక్‌టెక్సెన్’ అనే విచారణ సందేశం పంపుతారు.

ఫోను తెర మీద ‘పెండింగ్’ అని కనిపించినప్పుడు మనకు కలిగే చిరాకు సహజమే. అయితే ఆ క్షణంలో యాప్ నిజాయితీగా చెప్పగలిగిన మాట అదొక్కటే. తెలియని దాన్ని ‘విఫలం’ అని చూపితే, టీకొట్టు ముందు నిలబడ్డ మనిషి వెంటనే మరోసారి పది రూపాయలు పంపుతాడు. అది కొత్త సంఖ్యతో వెళ్లే కొత్త లావాదేవీ కనుక ఏ వ్యవస్థా దాన్ని పాతదానికి నకలుగా గుర్తించలేదు.