ఆకాశానికి పడిన గండిని ఎవరి డబ్బుతో పూడ్చారు?

ఆ రోజు పదో తరగతిలో ఓజోన్ పొర గురించి చెబుతున్నాను. పాఠం అయిపోవచ్చింది. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ చెడ్డ వాయువుల్ని ఎక్కువగా వాడింది ధనిక దేశాలే అన్నారు కదా! మరి మన దేశం ఎందుకు మానెయ్యాలి? మానడానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?" అని అడిగింది.

చక్కని ప్రశ్న. నేను నోరు తెరిచేలోగా గంట కొట్టేశారు. ఆ జవాబే ఇప్పుడు మీ అందరికీ చెబుతాను. ముందు మన ఊరి చెరువు దగ్గర మొదలుపెడదాం.

చెరువుకు గండి పడితే

ఒక ఊళ్ళో చెరువు ఉందనుకోండి. దాని ఆయకట్టు కింద పదెకరాల ఆసామి ఉన్నాడు, అరెకరం రైతూ ఉన్నాడు. ఆసామి ఏళ్ల తరబడి కట్టను అక్కడక్కడా తవ్వి తన పొలానికి నీళ్లు మళ్లించుకున్నాడు. ఒక వానాకాలం అక్కడే గండి పడింది. నీళ్లన్నీ పోతున్నాయి. ఇప్పుడు ఏం చెయ్యాలి?

"తలకు వెయ్యి రూపాయలు వేసుకుని పూడుద్దాం" అని ఆసామి అంటే అరెకరం రైతు ఒప్పుకుంటాడా? "గండి కొట్టింది నువ్వు, డబ్బు కట్టేది నేనా?" అంటాడు. అలాగని అతను పక్కన కూర్చుంటే కట్ట పూర్తి కాదు, అతని మడీ ఎండిపోతుంది. అందుకే పెద్దమనుషులు ఒక లెక్క చెబుతారు: "పని అందరిదీ. ఖర్చు మాత్రం ఎవరి ఎకరాలను బట్టి, ఎవరి తప్పును బట్టి వాళ్లది."

ప్రపంచ దేశాలు కూడా ఒకసారి అచ్చం ఇలాంటి లెక్కకే వచ్చాయి. ఆ గండి పడింది చెరువు కట్టకు కాదు, ఆకాశంలోని ఓజోన్ పొరకు.

మూడు మిల్లీమీటర్ల గొడుగు

మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటాయి. మూడు పరమాణువులు కలిస్తే ఓజోన్. ఇది ఎక్కువగా భూమికి 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున పరుచుకుని ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలలో హాని చేసేవాటిని చాలావరకు పీల్చేసుకుంటుంది. అది లేకపోతే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి. పంటలు, సముద్రంలోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.

ఇంత పెద్ద పని చేసే ఓజోన్ ఎంత ఉందో తెలుసా? మన నెత్తిమీద ఉన్నదంతా కిందికి దించి, సముద్రమట్టం దగ్గర ఉండే పీడనంలో, సున్నా డిగ్రీల వద్ద పరిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లే! రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత.

మంచి వాయువు అనుకుంటే

పాతకాలపు రిఫ్రిజిరేటర్లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి వాయువులు వాడేవారు. అవి కారితే ప్రాణాలకే ముప్పు. 1928లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ, ఆయన సహచరులు వాటికి బదులుగా క్లోరోఫ్లోరోకార్బన్లను ఎంచారు. వీటినే పొట్టిగా సి.ఎఫ్.సి.లు అంటారు. మంట అంటుకోవు, విషం కావు, దేనితోనూ తొందరగా కలవవు. ఇంకేం కావాలి! ఫ్రిజ్‌లలో, ఎయిర్ కండిషనర్లలో, పరుపుల నురుగు తయారీలో, సెంటు చిమ్మే డబ్బాల్లో అంతటా అవే.

దేనితోనూ కలవకపోవడమే చివరికి దోషమైంది. 1974లో మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతి చెప్పారు. సి.ఎఫ్.సి.లు కింద ఎక్కడా నాశనం కాక, మెల్లగా ఓజోన్ ఉన్న ఎత్తుకు చేరుతాయి. అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోతాయి. అప్పుడు బయటపడ్డ క్లోరిన్ పరమాణువు ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. తర్వాత దాన్ని వదిలించుకుని మరో ఓజోన్ మీద పడుతుంది. తను మాత్రం చెక్కు చెదరదు. ఇలా ఒక్క క్లోరిన్ పరమాణువు సుమారు లక్ష ఓజోన్ అణువులను విరగ్గొట్టగలదు.

ఈ కథలో మన సికింద్రాబాద్‌కు కూడా ఒక చిన్న పాత్ర ఉంది. వీరభద్రన్ రామనాథన్ అనే యువ ఇంజనీరు 1960లలో సికింద్రాబాద్‌లోని ఒక రిఫ్రిజిరేటర్ కర్మాగారంలో పనిచేశారు. యంత్రాల నుంచి సి.ఎఫ్.సి. కారిపోకుండా చూడడం ఆయన పని. తర్వాత అమెరికా వెళ్లి శాస్త్రజ్ఞుడై, ఒక సి.ఎఫ్.సి. అణువు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కన్నా దాదాపు పదివేల రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుందని 1975లో నిరూపించారు. అంటే ఈ వాయువుల దోషం ఒకటి కాదు, రెండు!

1985లో జోసెఫ్ ఫార్మన్, మరి ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలోని హేలీ కేంద్రం నుంచి మరో వార్త ప్రకటించారు. అక్కడ వసంతకాలం వచ్చేసరికి ఓజోన్ మూడో వంతుకు పైగా తగ్గిపోతోందని! ఊహ నిజమైంది. గండి కంటికి కనిపించింది.

సంతకం చెయ్యని పెద్ద దేశాలు

1987 సెప్టెంబర్ 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో, ఈ వాయువుల్ని తగ్గించాలని ఒక ఒడంబడిక కుదిరింది. అందులో వర్ధమాన దేశాలకు పదేళ్ల అదనపు గడువు ఇచ్చారు. తలసరి వాడకం ఏడాదికి 300 గ్రాములలోపు ఉండాలన్నది షరతు.

ఆ సంవత్సరం నేను ఇంటర్ చదువుతున్నాను. మా వీధి మొత్తానికి ఫ్రిజ్ ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఎండాకాలం చుట్టాలొస్తే మా అమ్మ గిన్నె ఇచ్చి, "ఆ పిన్నిగారిని అడిగి నాలుగు ఐసు ముక్కలు పట్టుకురా" అని పంపేది. మన దేశంలో చాలా వీధులు అలాగే ఉండేవి. అదే సమయానికి సంపన్న దేశాలలో ఫ్రిజ్ లేని ఇల్లు అరుదు. ప్రపంచంలో వాడిన సి.ఎఫ్.సి.లలో చాలా పెద్ద వాటా వాళ్లదే.

అందుకే భారతదేశం, చైనా వెంటనే సంతకం చెయ్యలేదు. "మా ప్రజలు ఇప్పుడిప్పుడే ఫ్రిజ్ కొనుక్కునే స్థితికి వస్తున్నారు. చవక పద్ధతి మానేసి ఖరీదైన పద్ధతికి మారమంటున్నారు. ఆ తేడా ఎవరు భరిస్తారు? కొత్త పరిజ్ఞానం మాకు ఎవరు ఇస్తారు?" అన్నది మన వాదన. ఇది మొండితనమా, న్యాయమా? అరెకరం రైతును తలచుకోండి.

సంపన్న దేశాలకూ ఒక భయం ఉంది. ఈ రెండు దేశాల జనాభా ఎంతో మీకు తెలుసు. ఇక్కడ ఇంటింటికీ సి.ఎఫ్.సి. ఫ్రిజ్ వస్తే, తాము మానేసి ఏం లాభం? ఓజోన్ పొరకు సరిహద్దులు లేవు కదా!

లండన్‌లో కుదిరిన లెక్క

1990 జూన్‌లో లండన్‌లో దేశాలన్నీ మళ్లీ కూర్చున్నాయి. మన తరఫున అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ వెళ్లారు. ప్రత్యేక నిధి పెట్టడానికి అమెరికా మొదట ఒప్పుకోలేదు, తర్వాత మెత్తబడింది. చివరకు "బహుపక్ష నిధి" ఒకటి ఏర్పడింది. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు; భారత్, చైనా చేరితే 24 కోట్లు. నిధి 1991లో పని మొదలుపెట్టింది. ఆ ఏడే చైనా, 1992లో భారత్ ఒడంబడికలో చేరాయి.

ఈ నిధిలో మూడు విశేషాలున్నాయి.

ఒకటి, డబ్బు కట్టేది సంపన్న దేశాలే. ఎవరెంత కట్టాలో ఐక్యరాజ్యసమితి చందాల లెక్క ప్రకారం నిర్ణయిస్తారు. ఇది ఎకరానికింత అన్నట్టే.

రెండు, పెత్తనం డబ్బిచ్చినవాళ్లదే కాదు. నిధిని నడిపే సంఘంలో సంపన్న దేశాల సభ్యులు ఏడుగురు, వర్ధమాన దేశాల సభ్యులు ఏడుగురు. ఓటు దాకా వస్తే రెండు పక్షాలలోనూ మెజారిటీ ఉండాలి.

మూడు, ఇచ్చేది ప్రధానంగా గ్రాంటు, అప్పు కాదు. అదీ "అదనపు ఖర్చు" మేరకే.

ఈ మూడోది అర్థం కావడానికి ఒక చిన్న లెక్క చేద్దాం. ఫ్రిజ్‌లు చేసే ఒక కర్మాగారం ఉందనుకోండి. కొత్త వాయువుకు మారాలంటే యంత్రాలకు 10 లక్షలు, పనివాళ్ల శిక్షణకు 2 లక్షలు అవుతాయి. కొత్త పద్ధతి వల్ల కరెంటు ఖర్చులో 3 లక్షలు ఆదా అవుతుంది. నిధి ఇచ్చేది ఎంత? 10 + 2 – 3 = 9 లక్షలు. యజమాని "పనిలో పనిగా కర్మాగారాన్ని రెట్టింపు చేస్తాను, దానికి ఇంకో 20 లక్షలివ్వండి" అంటే ఇవ్వరు. అది అతని వ్యాపారం, ఓజోన్‌కు సంబంధం లేదు. ఇలా లెక్క తేటగా ఉండడం వల్ల ఇచ్చేవాళ్లకు నమ్మకం, తీసుకునేవాళ్లకు గౌరవం రెండూ మిగిలాయి.

ఫలితం ఏమిటి?

మన దేశంలో సి.ఎఫ్.సి.లు తయారు చేసే కంపెనీలు నాలుగుండేవి. ఆ తయారీని అంచెలంచెలుగా ఆపడానికి 1999లో ఈ నిధి 8 కోట్ల 20 లక్షల డాలర్లు మంజూరు చేసింది. ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న మెకానిక్కులకు కూడా శిక్షణ ఇచ్చారు. గడువు 2010 జనవరి 1 అయితే, మనవాళ్లు 17 నెలల ముందే, 2008 ఆగస్టు 1న ఉత్పత్తి ఆపారు. ఉబ్బసం రోగులు పీల్చుకునే మందుల కోసం మాత్రం కొంత వెసులుబాటు ఉండేది.

2009లో తూర్పు తైమూర్ చేరడంతో, ఐక్యరాజ్యసమితి చరిత్రలో అన్ని దేశాలూ ఆమోదించిన మొదటి ఒడంబడిక ఇదే అయింది. నిషేధించిన ఓజోన్ విధ్వంసక పదార్థాలలో దాదాపు 99 శాతం వాడకం ఆగిపోయింది. ఇలాగే సాగితే ఓజోన్ పొర 1980 నాటి స్థితికి ప్రపంచంలో చాలాచోట్ల 2040 నాటికి, అంటార్కిటికా మీద సుమారు 2066 నాటికి చేరుతుందని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మీ మనవలు ఆ నిండు గొడుగు కింద ఆడుకుంటారు. ఇందుకోసం బహుపక్ష నిధి ఇంతవరకు ఇచ్చినది 400 కోట్ల డాలర్లకు పైచిలుకు. పనితో పోలిస్తే ఇది పెద్ద ఖర్చు కాదు.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. 2018లో ఒక నిషిద్ధ సి.ఎఫ్.సి. గాలిలోకి మళ్లీ ఎక్కువగా వస్తోందని పరికరాలు పట్టేశాయి. అందులో ఎక్కువ భాగం చైనా తూర్పు ప్రాంతాల నుంచేనని తేలింది. చర్యలు తీసుకోగా తగ్గింది. అలాగే సి.ఎఫ్.సి.లకు బదులు వచ్చిన హెచ్.ఎఫ్.సి.లు ఓజోన్‌ను చెరపవు గాని భూమిని వేడెక్కిస్తాయి. వాటినీ తగ్గించాలని 2016లో రువాండాలోని కిగాలీలో ఒప్పుకున్నారు. మన దేశం 2032 నుంచి మొదలుపెట్టి 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. దీనికీ అదే నిధి తోడ్పడుతుంది. 2024 నుంచి 2026 వరకు మూడేళ్లకు 96.5 కోట్ల డాలర్లు కేటాయించారు.

అన్ని గండ్లూ ఇలాగే పూడుతున్నాయా?

లేదు. ఇప్పుడు ప్రపంచం ముందున్న గండి ఇంకా పెద్దది: భూతాపం, పేదరికం, తాగునీరు, విద్యుత్తు. నేటి అవసరాలు తీరాలి, రేపటివాళ్ల వంతూ మిగలాలి. దీన్నే సుస్థిర అభివృద్ధి అంటారు. దానికి డబ్బు కావాలి. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో నూటికి 70 పైసల చొప్పున సాయం చెయ్యాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే చెప్పింది. ఆ మాట నిలుపుకున్న దేశాలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. భూతాపం పనులకు 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో చెప్పిన మాట, రెండేళ్లు ఆలస్యంగా 2022లో నెరవేరింది. అదీ ఎక్కువ భాగం అప్పుల రూపంలో.

అప్పు అనగానే మీకు వడ్డీ గుర్తుకు రావాలి. విద్య మీదనో, ఆరోగ్యం మీదనో పెట్టేదాని కన్నా వడ్డీలకే ఎక్కువ చెల్లించే దేశాలలో 330 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి 2024లో లెక్క కట్టింది. 2025లో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో దేశాలు సమావేశమైనప్పుడు, వర్ధమాన దేశాలకు ఏటా సుమారు 4 లక్షల కోట్ల డాలర్లు తక్కువ పడుతున్నాయని తేల్చారు. అమెరికా ఆ సంప్రదింపుల నుంచే తప్పుకుంది.

సి.ఎఫ్.సి.లు కొద్ది కంపెనీలు చేసేవి, వాటికి బదులు పదార్థాలు దొరికాయి. బొగ్గు, పెట్రోలు అలా కాదు. మన వంటా, ప్రయాణం, పంటా అన్నీ వాటితో ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ పని మరింత కష్టం. కాని ఆ ఒడంబడిక నేర్పిన పాఠం పాతబడలేదు. పని అందరిదీ, బరువు శక్తినీ తప్పునూ బట్టి, మాట మాత్రం సమానం. ఈ మూడూ కుదిరినప్పుడు పేద దేశం వెనకబడలేదు, మనలాగే గడువుకు ముందే చేసి చూపింది.

కనుక ఆ అమ్మాయికి నా జవాబు ఇది: మనం మానెయ్యాల్సిందే, ఎందుకంటే గొడుగు మనది కూడా. ఖర్చు ఎవరిదని అడగాల్సిందే, ఎందుకంటే అడిగినందువల్లే ఆ నిధి పుట్టింది.

మీరు చేసి చూడండి

పెద్దవాళ్లను తోడుంచుకుని మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ఫ్రిజ్‌కు అతికించిన చీటీ చదవండి. దేన్నీ విప్పకండి. చీటీ మీద ఆర్-12 అని ఉంటే అది పాత సి.ఎఫ్.సి. ఆర్-134ఎ అని ఉంటే హెచ్.ఎఫ్.సి. ఆర్-600ఎ అని ఉంటే ఐసోబ్యూటేన్. అది ఓజోన్‌కు హాని చెయ్యదు, భూమిని వేడెక్కించడం కూడా చాలా తక్కువ. మీ తరగతిలో అందరూ కలిసి ఏ రకం ఎన్ని ఉన్నాయో, ఏ సంవత్సరానివో పట్టిక వెయ్యండి. లండన్‌లో జరిగిన ఆ బేరం మీ వంటింటి దాకా ఎలా వచ్చిందో మీకే కనిపిస్తుంది.