రెండోసారి చూస్తేనే అర్థమయ్యే ‘డ్యూన్’

డెనీ విల్‌నవ్ తీసిన ‘డ్యూన్: పార్ట్ టూ’ 2024 మార్చి 1న విడుదలైంది. చూసినవాళ్లలో చాలామందికి అది పగ తీర్చుకునే కథగానే గుర్తుంటుంది. తండ్రినీ రాజ్యాన్నీ పోగొట్టుకున్న పాల్, ఎడారిలోని ఫ్రెమెన్ జనంలో కలిసి, వాళ్లకు నాయకుడై, చివరికి చక్రవర్తినే మోకరిల్లేలా చేస్తాడు. కానీ కథ తెలిశాక అదే సినిమాను మళ్లీ థియేటర్లో చూస్తే ఆ గెలుపు భయపెడుతుంది. ఎందుకో చూద్దాం.

మొదటిసారి మనసంతా ‘తర్వాత ఏమవుతుంది’ అన్నదాని మీదే ఉంటుంది. పాల్ మొట్టమొదటిసారి ఇసుకపురుగు మీదికెక్కే సీనే తీసుకోండి. ఇసుకదిబ్బ కూలిపోతుంది, సీట్లు అదిరేంత శబ్దం వస్తుంది. పడిపోతాడేమోనన్న కంగారు తప్ప ఇంకో ఆలోచన రాదు. రెండోసారి ఆ కంగారు ఉండదు కాబట్టి, దూరం నుంచి చూస్తున్నవాళ్ల మీదికి కన్ను పోతుంది. కుర్రాడి సాహసాన్ని మెచ్చుకోవడంతో మొదలైన ఫ్రెమెన్ నాయకుడు స్టిల్గార్ నమ్మకం, సీను సీనుకూ ముదిరి భక్తి అయిపోవడం కనిపిస్తుంది.

ఆ భక్తి దానంతటది పుట్టింది కాదు. రక్షకుడొకడు వస్తాడన్న జోస్యాన్ని బెనె జెసెరిట్ అనే స్త్రీల సంఘం తరాల కిందటే ఫ్రెమెన్ల గ్రహం మీద ప్రచారంలో పెట్టింది. పాల్ తల్లి జెస్సికా దాన్నే వాడుకుంటుంది. నమ్మనివాళ్లలో ముందు బలహీనుల్ని తిప్పుకోవాలని ఆమె కడుపులోని బిడ్డతో అంటుంది. ఆ మాట మొదటిసారి చెవిన పడకుండానే జారిపోతుంది. తన ఒంట్లో ఉన్నదీ శత్రువులైన హార్కొనెన్ల రక్తమేనని తెలిశాక, బతకాలంటే హార్కొనెన్లలాగే ఉండాలని పాల్ తల్లితో చెబుతాడు. దక్షిణాదిలో జరిగే ఫ్రెమెన్ల సభలో అతను జనం ముందు నిలబడేది ఆ తర్వాతే.

ఆ సభ సీను తెలుగు ప్రేక్షకుడికి బాగా తెలిసినదే. మనం ‘ఎలివేషన్’ అంటాం చూడండి, అచ్చంగా అది. హీరో గొంతెత్తుతాడు, హాన్స్ జిమ్మర్ సంగీతం లేస్తుంది, జనం ఊగిపోతారు. రెండోసారి చూసేటప్పుడు, ఆ సీనుకు ముందు తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో మనకు గుర్తుంటుంది. తెర మీద ఫ్రెమెన్లు చేస్తున్న పనే హాల్లో మనమూ చేస్తున్నామని అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో ఒంటరిగా చూస్తే ఇది ఇంత బలంగా తగలదు. దానికి చుట్టూ జనం ఉండాలి.

సినిమాలో ఇంకో జనసమూహం కూడా ఉంది. హార్కొనెన్ వారసుడు ఫెయిడ్ రౌథా పుట్టినరోజున ఖైదీలతో పోరాడే గోదా చుట్టూ చేరిన జనం అది. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్ ఆ సీనును పరారుణ కాంతిలో చిత్రీకరించాడు. మామూలుగా కెమెరా అడ్డుకునే ఆ కాంతినే లోపలికి రానిచ్చి, కంటికి కనిపించే వెలుతురును ఆపేశాడు. అందుకే మనుషుల చర్మం మైనంలా తెల్లబారి, కళ్లు నల్లటి గుంటల్లా కనిపిస్తాయి. మొదటిసారి ఆ వింత రూపానికే కళ్లప్పగించి ఉండిపోతాం. రెండోసారి పోలిక దొరుకుతుంది. అక్కడా ఒక వారసుడు, ఒక వేడుక, అతని కోసం అరిచే జనం. పాల్‌లోనూ ఫెయిడ్‌లోనూ పారేది ఒకే వంశపు రక్తం.

మూలరచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో వచ్చిన ‘డ్యూన్’ నవలను రాసింది నాయకుల్ని గుడ్డిగా నమ్మొద్దని హెచ్చరించడానికే. పాఠకులు మాత్రం పాల్‌ను హీరోగానే తీసుకున్నారు. 1969లో వచ్చిన ‘డ్యూన్ మెసయ్య’లో ఆయన ఆ హెచ్చరికను ఇంకా స్పష్టంగా చెప్పాడు. విల్‌నవ్ ఆ పనిని ఈ సినిమాలోనే పాల్ ప్రేమించే ఫ్రెమెన్ యువతి చాని పాత్రకు అప్పగించాడు. నవలలో చివరిదాకా పాల్ పక్కనే ఉండే చాని, సినిమాలో జోస్యాన్ని నమ్మదు. అందరూ మోకరిల్లినా తను మోకరిల్లదు.

అందుకే పెద్ద తెర మీద మళ్లీ చూసే అవకాశం దొరికితే, దక్షిణాది సభ మొదలైనప్పటి నుంచి పాల్‌ను వదిలి చాని ముఖాన్ని గమనించండి. హెర్బర్ట్ చెప్పదలచుకున్నదంతా ఆమె చూపులో ఉంది. మూడో భాగానికి ఆధారం ‘డ్యూన్ మెసయ్య’ నవలే కాబట్టి, ఆ సినిమా చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి సన్నాహం లేదు.