వేరుసెనగ నూనెలోని గుణభేదమును, విత్తనమును కాపాడుకొను విధమును

గుంటూరు, ప్రకాశము ప్రాంతముల నల్లరేగడి భూములందు ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పైరులు. బాపట్ల, చీరాల తీరపు ఇసుకనేలలందు వేరుసెనగ పండును. ప్రత్తిగింజల నూనెయు, వేరుసెనగ నూనెయు చూపునకు దగ్గఱగా నున్నను గుణమునందు వేఱు. ఈ భేదమునకు కారణము నూనెలోని కొవ్వు ఆమ్లములు.

వీనిలో ఓలియిక్, లినోలియిక్ అను రెండింటిని రైతులు తెలిసికొనవలెను. లినోలియిక్ ఆమ్లము గాలి సోకినచో త్వరగా చెడి నూనెకు ముక్కవాసన కలిగించును. ఓలియిక్ ఆమ్లము చాలకాలము నిలుచును. ప్రత్తిగింజల నూనెలో లినోలియిక్ సుమారు సగముండును. మామూలు వేరుసెనగ నూనెలో ఓలియిక్ దాదాపు సగమును, లినోలియిక్ సుమారు మూడవవంతును ఉండును.

మొక్క మొదట ఓలియిక్ ఆమ్లమును తయారుచేసి, పిదప ఒక ఎంజైము సహాయమున దానిలో కొంతభాగమును లినోలియిక్‌గా మార్చును. ఆ ఎంజైమును పుట్టించునది విత్తనములో వంశపారంపర్యముగా వచ్చు జన్యువు. వేరుసెనగ దక్షిణ అమెరికాలోని రెండు అడవిజాతుల కలయికవలన పుట్టినది గావున, దానియం దిట్టి జన్యువులు ముఖ్యముగా రెండు గలవు. రెండును పనిచేయక పోయినప్పుడే ఓలియిక్ ఆమ్లము మిక్కిలి హెచ్చును. అందుచేత సంకరము చేసిన రెండవ తరమునందు ఈ గుణము పూర్తిగా గలది పదునాఱు మొక్కలలో ఒక్కటి మాత్రమే యగును.

నూటికి 80 పాళ్లు ఓలియిక్, 2 పాళ్లు లినోలియిక్ గల వేరుసెనగను అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు 1987లో ప్రకటించిరి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థయు, జునాగఢ్‌లోని వేరుసెనగ పరిశోధనా సంస్థయు కలసి పనిచేయగా, అమెరికా రకమైన సన్‌ఓలియిక్ 95ఆర్‌తో సంకరముచేసి పొందిన గిర్నార్ 4, గిర్నార్ 5 అను రకములు 2020లో మన దేశమున విడుదలయ్యెను.

రైతునకు ముఖ్యమైన సంగతి యొకటి గలదు. ఈ గింజను కంటితో చూచి గుర్తింపరాదు. మేలురకపు నూనెలో లినోలియిక్ 3 పాళ్లును, మామూలు నూనెలో 33 పాళ్లును ఉన్నవనుకొనుడు. నాలుగింట ఒకవంతు మామూలు గింజ కలసిన సరకు నూనెలో అది 10 పాళ్లకు మించును. నూనె నిలువయుండు గుణము తగ్గును. పరీక్షించి కొనువాడు సరకును త్రోసివేయును. ఏడాది శ్రమ వ్యర్థమగును.

వేరుసెనగ చాలవఱకు తన పుప్పొడితోనే ఫలించును గావున, శుద్ధమైన విత్తనమును రైతు కొన్ని తరములు తానే నిలుపుకొనవచ్చును. అందులకు ఈ జాగ్రత్తలు అవసరము.

మొదటి యేడు కొద్దిపాటి చెక్కలో, మామూలు రకము ప్రక్కన వేసి దిగుబడి సరిచూచుకొనవలెను. క్రిందటి పైరునుండి రాలి మొలచిన మొక్కలను పెఱికివేయవలెను. కళ్లమును, గోనెసంచులను, కాయ కోయు యంత్రమును శుభ్రముచేసిన పిదపనే వాడవలెను. లేతకాయ పీకరాదు, లేతగింజలో ఓలియిక్ తక్కువ. కాయలలో తేమ నూటికి 8 పాళ్లకు తగ్గువఱకు ఎండబెట్టవలెను. ఓలియిక్ హెచ్చుగా నున్నంతమాత్రమున బూజువలన పుట్టు అఫ్లాటాక్సిన్ విషము తప్పదు.

హెచ్చుధర నిత్తుమను వర్తకునితో పరీక్ష యెవరు చేయింతురో, ఎన్ని పాళ్లున్న ఎంత ధరయో, విత్తకమునుపే వ్రాతమూలకముగా నిశ్చయించుకొనుట క్షేమము.