బంగారు రేణువుల వెలుగులో పట్టుబడే రోగక్రిములు

బావి నీరు అడుగు కనిపించేటంత తేటగా వున్నంత మాత్రాన అది మంచినీరు కాదు. కలరా, టైఫాయిడ్, నీళ్ల విరేచనాలు కలిగించే క్రిములు కంటికి కనిపించవు. రుచికీ, వాసనకూ తెలియవు. వానాకాలంలో మురుగు బావిలోకి దిగిన సంగతి చాలాసార్లు ఇంట్లో ఒకరు మంచం పట్టిన తరువాతే బయటపడుతుంది.

మలం ద్వారా వ్యాపించే ‘ఇ.కోలి’ క్రిమి 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఒక్కటి కూడా కనిపించరాదని భారత ప్రమాణాల నిబంధన. అయితే దీన్ని తేల్చాలంటే పరీక్షశాలలో క్రిములకు ఆహారం పెట్టి పెంచి, అవి గుంపులు కట్టాక లెక్కించాలి. ఇందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా వూరంతా ఆ నీళ్లే తాగుతుంది. ఈ ఆలస్యాన్ని తగ్గించేందుకు శాస్త్రజ్ఞులు బంగారాన్ని వాడి చూస్తున్నారు.

ఎర్రగా వెలిగే బంగారం

నగల బంగారం పచ్చగా మెరుస్తుంది. దానినే కొద్ది పరమాణువుల గుచ్ఛంగా చేస్తే గుణం మారిపోతుంది. పశువుల రక్తంలోని ఒక ప్రొటీను సాయంతో 25 పరమాణువుల బంగారు గుచ్ఛాలను సింగపూరు శాస్త్రజ్ఞులు 2009లో తయారుచేశారు. దొంగనోట్లను పట్టేందుకు వాడే అతినీలలోహిత కాంతి వీటిపై పడితే ఎర్రగా వెలుగుతాయి. ఇందులోని బంగారం మిల్లీమీటరులో సుమారు పదిలక్షలవ వంతు. రోగక్రిమి పొడవు దీనికి వెయ్యి రెట్లు.

ఈ గుచ్ఛం క్రిమిని అంటుకోవాలంటే తగిన తొడుగు కావాలి. కోడిగుడ్డు తెల్లసొనలో, మన కన్నీటిలో వుండే లైసోజైమ్ అనే ప్రొటీను క్రిముల పైగోడను పట్టుకొని తెంచుతుంది. దానిని తొడిగిన గుచ్ఛాలు క్రిములకు అంటుకొంటాయి. మనిషి రక్తంలోని ఆల్బుమిన్ తొడిగినవి చీముగడ్డలకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ క్రిమిని గుర్తిస్తాయని తైవాన్ శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించారు. అంటుకోని రేణువులను కడిగివేసి దీపం కింద చూస్తే, క్రిములున్నచోట ఎర్రని వెలుగు కనిపిస్తుంది. అవి పెరిగేదాకా కాచుకోనక్కరలేదు.

ఇంకా వున్న చిక్కులు

బురదనీటిలోని మట్టి ఈ వెలుగుకు అడ్డుపడుతుంది. క్రిములు నాలుగైదే వుంటే వెలుగు చాలదు కనుక ముందు నీటిని వడపోసి వాటిని ఒకచోట చేర్చాలి. బ్లీచింగుతో చచ్చిన క్రిమికి కూడా రేణువు అంటుకోవచ్చు. ఈ చిక్కులు తీరితేనే ఇది పల్లె బావి దాకా రాగలదు.

ఇప్పుడు చేయదగినది

పల్లెలకు పనికివచ్చే తేలిక పరీక్ష ఒకటి ఇప్పటికే వున్నది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీన్ని 1982లో ప్రకటించారు. మందు కాగితం వున్న సీసాలో నీరు పోసి వెచ్చని చోట వుంచాలి. మల క్రిములుంటే కుళ్లిన గుడ్ల వాసన గల వాయువు పుట్టి, కాగితంలోని ఇనుముతో కలిసి నీరు నల్లబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో సంగతి తేలుతుంది.

నీరు నల్లబడితే ఆ బావిలో ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదులో బ్లీచింగ్ పౌడర్ కలిపించాలి. మళ్లీ పరీక్షలో బాగున్నదని తేలేవరకు నీటిని తెర్లకాచి చల్లార్చి తాగాలి. బావి చుట్టూ గట్టు కట్టి, మురుగు దూరంగా పోయేటట్లు కాలువ తీయాలి. ఫలితం నల్లగా వచ్చినా, రేపు ఎర్రని వెలుగై వచ్చినా, బావిని బాగుచేసుకోవలసింది వూరివారే.