3 పులులు, 15 మేకలు

కర్నూలు, కడప పల్లెల్లో ఇంటి అరుగుకు నాపరాయి పరుస్తారు. ఆ బండ మీద బొగ్గుతోనో సుద్దతోనో పై కొస నుంచి కిందికి దిగే నాలుగు గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు గీస్తే పులిజూదం సిద్ధం. గీతలు కలిసే చోట్లు 23. ఒకరి చేతిలో 3 పులులు, ఇంకొకరి చేతిలో 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. పాత గుడి మండపాల్లో ఇదే పటం నేలబండల మీద ఉలితో చెక్కి కనిపిస్తుంది.

పక్కనున్న మేక మీదుగా దూకి పులి దాన్ని చంపుతుంది. అయితే అవతలి చోటు ఖాళీగా ఉండాలి. మేక దేన్నీ చంపలేదు. ఒక్కొక్కటిగా పటం మీదికి వస్తుంది, పదిహేనూ దిగేదాకా కదలడానికి కూడా లేదు. అందుకే మొదట్లో రాజ్యమంతా పులిదే. మేకలు ఆడేవాళ్లకు చేతనైన పని ఒక్కటే: ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా నిలపడం. వెనక తోడున్న మేకను పులి దాటలేదు. మూడు పులులకూ కదలడానికి చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు.

మనుషుల్లా మాట్లాడి, చట్టాలు రాసుకుని, ఊళ్లు కట్టుకునే జంతువుల లోకాన్ని ఊహించే రచయితకు ఇంతకన్నా మంచి తొలిపాఠం దొరకదు. పులికి బలముంది, మేకలకు సంఖ్య ఉంది. ఆ రెంటి మధ్య లెక్క ఎలా తేలుతుందన్నదే ఆ లోకపు రాజకీయం. 2016లో వచ్చిన డిస్నీ సినిమా జూటోపియా ఈ లెక్కనే పట్టుకుంది. అక్కడ శాకాహారులు ఎక్కువ, వేటాడే జాతులు తక్కువ. ఒకే నగరంలో కలిసి బతుకుతున్నా పాత భయం లోపల్నుంచి పోదు. అదే ఏడాది జపాన్‌లో పారు ఇతగాకి మొదలుపెట్టిన బీస్టార్స్ బొమ్మల కథలో తోడేలూ కుందేలూ ఒకే బడిలో చదువుతాయి. మాంసం తినడం నేరం, దొంగచాటు మాంసం బజారు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

తెలుగువాళ్లకు ఈ తరహా లోకం కొత్త కాదు. 15వ శతాబ్దంలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యాల్లో చెప్పాడు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చాక మిత్రలాభం, మిత్రభేదం తరతరాల బడిపిల్లల పాఠమయ్యాయి. నీతి కోసం చదివి వదిలేసిన ఆ కథల్ని ఇప్పుడు లోకనిర్మాణం కోసం మళ్లీ తెరవాలి. ఎందుకంటే ఆ కథలు అల్లినవాళ్లు ఆకలిని ఎక్కడా దాచలేదు.

లఘుపతనకమనే కాకి వచ్చి స్నేహం చేద్దామంటే హిరణ్యకమనే ఎలుక వెంటనే ఒప్పుకోదు. తినేవాడికీ తిండికీ చెలిమేమిటని అడుగుతుంది. దాని కలుగుకు నూరు దారులు. తినే జాతుల నడుమ బతికే చిన్నప్రాణి ఇల్లు ఎలా కట్టుకుంటుందో ఆ ఒక్క వివరం చెబుతుంది. ఇక దుర్దాంతమనే సింహంతో అడవి జంతువులు చేసుకున్న ఒప్పందం: రోజుకొక జంతువు తానే నడిచి వస్తుంది, బదులుగా సింహం విచ్చలవిడిగా చంపకూడదు. భారతంలో బకాసురుడికి ఏకచక్రపురం పెట్టిన ఏర్పాటు కూడా ఇలాంటిదే. చెరువు కింద నీళ్లకు వంతులు వేసుకున్న ఊళ్లకు వంతంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. సింహానికి వేట శ్రమ తప్పింది, అడవికి రేపటి లెక్క తెలిసింది, చావు మాత్రం ఇంటింటికీ వరస కట్టింది. కుందేలు వంతు వచ్చేదాకా ఆ ఒప్పందం నిలిచింది.

అన్నిటికన్నా లోతైనది పింగళకుడనే సింహం కొలువు. సంజీవకుడనే ఎద్దు ఆ సింహానికి ప్రాణమిత్రుడవుతుంది. హితోపదేశంలో సింహం తమ్ముడు స్తబ్ధకర్ణుడు చుట్టపుచూపుగా వస్తాడు. తెచ్చిన మాంసం ఏమైందని ఆరా తీస్తే కరటకుడు, దమనకుడు అనే నక్కలు ఇష్టం వచ్చినట్టు తిని, పంచి, పారేశాయని తేలుతుంది. అప్పుడు తమ్ముడు ఇచ్చే సలహా గొప్పది: తిండి కొట్టు గడ్డి తినే ఎద్దుకు అప్పగించు. మాంసం మీద ఆశ లేనివాడు మాంసానికి కాపలా! ఆ రోజు నుంచి నక్కలకు వచ్చేది తగ్గిపోయింది. స్నేహం చెడగొట్టే పన్నాగం అక్కడ పుట్టింది, చివరికి సింహం చేతిలో ఎద్దు చచ్చింది. ఆ పగ జాతి ద్వేషంలోంచి రాలేదు, తిండి లెక్కలోంచి వచ్చింది.

అనంతామాత్యుడి భోజరాజీయంలోని ఆవు–పులి కథ వేరే దారి పట్టింది. దూడకు పాలిచ్చి వస్తానన్న ఆవు మాట నిలబెట్టుకుంటే పులి మనసు మారి వదిలేస్తుంది. కన్నీళ్లు తెప్పించే కథ అది. లోకాన్ని కట్టే రచయిత మాత్రం ఇంకొక ప్రశ్న వేసుకోవాలి: ఆ రాత్రి పులి ఏం తింది?

నల్లమలలో జవాబు చుట్టరికం రూపంలో దొరికింది. అహోబిలంలో సింహరూపుడైన నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడి వేటగాళ్ల ఇంటి అల్లుడయ్యాడు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ఆ స్వామి 40 రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో పల్లకీ మీద తిరుగుతాడు. గోళ్లతో చీల్చిన దేవుణ్ని వరస కలిపి గడపలోకి పిలుచుకున్న సీమ ఇది.

కథలు పక్కనబెట్టి చూడాలంటే రోళ్లపాడు ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని ఈ గడ్డినేల 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యమైంది. 2022 నుంచి నంద్యాల జిల్లా కిందికి వచ్చింది. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకే. అక్కడ వేటాడేది తోడేలు, వేట కృష్ణజింక. పటం మీద గీసినంత సులువుగా మాత్రం ఉండదు. జింకలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడితే నష్టపోయేది రైతు. ఆ రైతుకు జింకను తినే తోడేలు మేలు చేస్తున్నట్టే. అదే తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే కాపరికి శత్రువు. ఎవరి కోసమైతే ఆ నేలకు కాపలా పెట్టారో ఆ బట్టమేక పిట్ట కనుమరుగవుతూ వచ్చింది. కథ రాసేవాళ్లు తినేవాడు, తినబడేవాడు అని రెండు పక్షాలే గీసుకుంటే ఈ చిక్కుముడి అంతా జారిపోతుంది.

పంట కోసిన పొలంలో ఎరువు కోసం రైతు గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపించుకుంటాడు. చుట్టూ ముళ్లకంప, పిల్లల్ని వేరుగా పెట్టిన చిన్న దొడ్డి, గొంగడి కప్పుకుని కాపరి, వాకిట్లో కుక్క. ఆ కుక్క తోడేలు జాతికి దాయాది. తరాల కిందట వేటను వదిలి, వేట అయ్యేవాళ్ల పక్షాన కొలువులో చేరింది. జంతులోకం రాయబోయేవాళ్లు మొదట దాని దగ్గర కూర్చోవాలి. చీకట్లో తోడేలు వాసన సోకగానే అది మొరగడం మొదలుపెడుతుంది, గొర్రెలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుని సందు లేకుండా నిలబడతాయి, కాపరి లేచి లైటు వేస్తాడు.