ఎన్నికల ఖర్చు: భిలాయి లెక్క, అమెరికా లెక్క

ఎన్నికల్లో ధనప్రభావాన్ని అదుపు చేయదలచిన చట్టం ముందు రెండు మార్గాలుంటాయి: విరాళం ఇచ్చేవారికి హద్దు గీయడం ఒకటి, అభ్యర్థి ఖర్చుకు హద్దు గీయడం రెండవది. అమెరికా మొదటి మార్గాన్ని, భారతదేశం ప్రధానంగా రెండవ మార్గాన్ని ఎంచుకున్నాయి. రెండింటిలోనూ హద్దు తప్పించుకునే దారులు మిగిలే ఉన్నాయి కాబట్టి, ఆ డబ్బు ఎవరిదన్న సంగతి ఓటరుకు పోలింగుకు ముందే తెలుస్తుందా అన్నదే అసలు ప్రశ్నగా నిలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయిని ఉదాహరణగా తీసుకుంటే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో బోధపడుతుంది.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న భిలాయి ఉక్కు కర్మాగారం, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చిన అనేక తెలుగు కుటుంబాలకు తరాలుగా జీవనాధారమైంది. టౌన్‌షిప్ సెక్టార్లతో పాటు, తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే ఖుర్సీపార్ కూడా భిలాయి నగర్ శాసనసభ నియోజకవర్గం కిందికే వస్తుంది. 2023 నవంబరు 17న జరిగిన పోలింగులో ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి దేవేంద్ర యాదవ్, బీజేపీ అభ్యర్థి ప్రేమ్ ప్రకాశ్ పాండేపై 1,264 ఓట్ల తేడాతో నెగ్గారు. పోటీ ఇంత హోరాహోరీగా సాగే చోట ఒక బస్తీలో అదనంగా తిరిగిన ప్రచార వాహనానికి కూడా విలువ ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లో శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షల రూపాయలు దాటకూడదు. భిలాయి అంతర్భాగంగా ఉన్న దుర్గ్ లోక్‌సభ స్థానంలో ఆ పరిమితి 95 లక్షలు. నామినేషన్ వేయడానికి ముందే అభ్యర్థి ఎన్నికల ఖర్చుకంటూ ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. టీ, సమోసా మొదలుకొని కుర్చీ, షామియానా, మైకుసెట్టు, జీపు అద్దె వరకు ఒక్కొక్కదానికి ఎంత రేటు కట్టాలో జిల్లా ఎన్నికల అధికారి పార్టీల ప్రతినిధులతో సంప్రదించి పట్టిక ఖరారు చేస్తారు. సభ జరిగినప్పుడు వీడియో బృందం వేదికను, బ్యానర్లను, కుర్చీల వరుసలను, వాహనాలను చిత్రీకరిస్తుంది. ఆ దృశ్యాలను పరిశీలించే మరో బృందం వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగా, పట్టికలోని రేటు ప్రకారం అయిన మొత్తం, అభ్యర్థి ఖాతాకు సమాంతరంగా అధికారులు నిర్వహించే రిజిస్టరులోకి ఎక్కుతుంది. రెండు లెక్కలూ పొసగకపోతే అభ్యర్థికి నోటీసు వెళుతుంది.

ఇంత పకడ్బందీగా కనిపించే ఈ ఏర్పాటులోని పెద్ద వెలితి పార్టీ పెట్టే ఖర్చు. అభ్యర్థికి తెలిసి, అతని గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అతని ఖాతాలోనే కలపాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా, కేంద్ర ప్రభుత్వం వెంటనే ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పుకు బలం లేకుండా చేసింది. 2003 నాటి సవరణ ఈ మినహాయింపును ప్రధాన ప్రచారకుల ప్రయాణ వ్యయానికి కుదించినప్పటికీ, ఏ అభ్యర్థి పేరూ ఎత్తకుండా పార్టీ సాగించే సాధారణ ప్రచారానికి నేటికీ పరిమితి లేదు.

పార్టీకి ఆ నిధులు ఇవ్వగలవారి విషయానికి వస్తే, 2013 నాటి కంపెనీల చట్టం 182వ సెక్షన్ ప్రభుత్వ కంపెనీల విరాళాలను నిషేధించింది. అందువల్ల పట్టణానికంతటికీ ఆధారమైన ఉక్కు కర్మాగారం ఏ పార్టీకీ రూపాయి కూడా ఇవ్వడానికి వీల్లేదు. మూడేళ్లు నిండిన ప్రైవేటు కంపెనీకి ఆ అడ్డు లేదు. విరాళం గత మూడేళ్ల సగటు నికరలాభంలో 7.5 శాతం మించరాదన్న షరతును 2017లో ఎత్తివేశారు. 2018లో అమల్లోకి వచ్చిన ఎన్నికల బాండ్లు, అంటే స్టేట్ బ్యాంకులో కొని, దాత పేరు బయటపడకుండా పార్టీకి అందించే పత్రాలు, ఇచ్చినవారిని ఓటరు కంటికి కనబడకుండా దాచాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఓటరుకు ఉన్న సమాచార హక్కును ఆధారం చేసుకుని బాండ్లను, ఏకపక్షమన్న కారణంతో 7.5 శాతం షరతు ఎత్తివేతను కొట్టివేసింది.

అమెరికాలో ఫెడరల్ అభ్యర్థులకు కంపెనీలు నేరుగా విరాళాలివ్వడాన్ని 1907లోనే టిల్‌మన్ చట్టం నిషేధించింది. 1943లో కార్మిక సంఘాలపైనా అదే ఆంక్ష పడినప్పుడు, ఉక్కు కార్మికుల నేత ఫిలిప్ మర్రే అధ్యక్షతలోని సీఐఓ కార్మిక సమాఖ్య రాజకీయ కార్యాచరణ కమిటీని ఏర్పరచింది. సభ్యుల నుంచి స్వచ్ఛంద చందాలు పోగుచేసి అభ్యర్థులకు అందించే నేటి 'ప్యాక్'లకు మూలం అదే. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో విరాళాలకూ ఖర్చుకూ కూడా పరిమితులు పెట్టగా, 1976లో బక్లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు మొదటి దాన్ని నిలిపి, రెండవది వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని రద్దు చేసింది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, దాని వెంబడి వచ్చిన అప్పీలు కోర్టు తీర్పు 'సూపర్ ప్యాక్'లకు తలుపులు తెరిచాయి: అభ్యర్థితో సంప్రదించకుండా విడిగా ప్రచారం చేసే ఈ కమిటీలు కంపెనీల నుంచి, సంఘాల నుంచి, వ్యక్తుల నుంచి ఎంతైనా తీసుకోవచ్చు. 2024లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,300 డాలర్లకు మించి ఇవ్వరాదన్న నిబంధన ఉండగానే, ఎలాన్ మస్క్ ఈ దారిలో 25 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించగలిగారు.

అయినా వెల్లడి విషయంలో అమెరికా చట్టం ఓటరుకు ఎక్కువ అనుకూలం. విరాళాల మొత్తం 200 డాలర్లు దాటిన దాత పేరు, వృత్తి, పనిచేసే సంస్థ ఫెడరల్ ఎన్నికల సంఘం వెబ్‌సైటులో కనిపిస్తాయి. పోలింగు సమీపించాక అభ్యర్థికి అందిన 1,000 డాలర్లు, ఆపై విరాళాన్ని 48 గంటల్లో తెలియజేయాలి. దాతల పేర్లు చెప్పనక్కరలేని లాభాపేక్ష రహిత సంస్థల ద్వారా వచ్చే డబ్బు మాత్రం అక్కడా చీకట్లోనే ఉండిపోతుంది.

భిలాయి అభ్యర్థి ఖాతా ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి చేరాలి; సరైన కారణం లేకుండా సమర్పించకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. ఒక్క రూపాయి రుసుముతో ఎవరైనా ఆ ఖాతాను చూడవచ్చు. పార్టీలు మాత్రం 20,000 రూపాయలు దాటిన విరాళాల వివరాలను ఏడాదికొకసారే ఎన్నికల సంఘానికి ఇస్తాయి. అంతకు లోపు ఇచ్చినవారి పేర్లు చెప్పనవసరమే లేదు. ఏ పూర్తి లెక్క చూడాలన్నా సాధారణంగా ఓటు వేసిన తరువాతే. సభలోని కుర్చీని సైతం లెక్కపెట్టి రేటు కట్టగలిగిన యంత్రాంగానికి, పెద్ద విరాళాలు ఇచ్చినవారి పేర్లను పోలింగుకు ముందే ప్రకటింపజేయడం అసాధ్యమేమీ కాదు.