గాలి తీసేశాం సరే... తడి సంగతేంటి?

దీపావళి మర్నాడు పొద్దున్నే డల్లాస్ నుంచి అక్క వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. ఫొటోలో ఉన్నది ఎండు మిరపకాయల ప్యాకెట్. అద్దంకిలో మా ఇంటి వరండాలో కూర్చుని, మిషన్‌తో గాలంతా లాగించి, సీల్ వేసి, తెలిసినవాళ్ళ సూట్‌కేసులో నేను పంపిందే. పంపినప్పుడు ఇటుకలా బిగుసుకుని ఉంది. ఫొటోలో మాత్రం వదులుగా, ఉబ్బినట్టు ఉంది. తొడిమల దగ్గర తెల్లగా, అక్కడక్కడా పచ్చగా బూజు.

వెంటనే అటకెక్కి మా ప్యాకెట్లు దించాను. అరకిలోవి మొత్తం పదహారు చేశాం. అక్కకి నాలుగు పోగా ఇంట్లో పన్నెండు. వాటిలో ఐదింటికి బూజు పట్టింది. మిగతా ఏడూ బిగుసుకునే ఉన్నాయి గానీ, కాయ ఎరుపు పోయి కాఫీ గింజ రంగులోకి దిగిపోయింది. ఎనిమిది కిలోల కాయ. రెండు వేల ఎనిమిది వందలు పెట్టి కొన్న కొత్త మిషన్. ఏం పొరపాటు చేశానో అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

ఈ వ్యాక్యూమ్ పిచ్చి అసలు ఎక్కడ పట్టిందో ముందు చెప్పాలి. బెంగళూరులో. మా బావ అక్కడొక మైక్రోబ్రూవరీలో పని చేస్తాడు. జూలైలో వాళ్ళ రూమ్‌కి వెళ్తే, ఫ్రీజర్‌లో వెండి రంగు ప్యాకెట్ ఒకటి కనిపించింది. నొక్కితే గట్టిగా, రాయిలా ఉంది.

"ఇదేంది బావా?"

"హాప్స్ రా. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది ఇదే."

తీగకి కాసే పువ్వు అది. రేకుల మధ్య పసుపు పచ్చటి పొడి ఉంటుంది. చేదూ వాసనా రెండూ అందులోనే. జర్మనీలో హాలర్‌టావ్, అమెరికాలో యాకిమా లోయ దానికి పెద్ద పేరున్న చోట్లు. మన దేశంలో హిమాచల్‌లోని లాహుల్ వైపు పండిస్తారు. ఏడాదికి ఒకటే కోత. కోసిన వెంటనే ఆరబెట్టి, నొక్కి, గాలి తీసి, చల్లటి చోట దాస్తారు. ప్యాకెట్ విప్పి బయట వదిలేస్తే కొన్నాళ్ళకి పాత చీజ్ కంపు, ఇంకా నిజం చెప్పాలంటే చెమట పట్టిన సాక్సు కంపు కొడుతుందట. (ఇది చదివి ఇంట్లో బీరు కాచే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ వాళ్ళు తలుపు తడతారు.)

"మీ మిరపకాయదీ ఇదే కథ కదరా. ఏడాదికోసారి పంట, ఏడాదంతా వాడకం. గాలీ, వెలుతురూ, వేడీ... దానికీ దీనికీ శత్రువులు వాళ్ళే" అన్నాడు బావ.

ఆ మాట బుర్రలో ఉండిపోయింది. ఎందుకంటే అక్క గోల ఏటా ఒకటే. వేసవిలో అమ్మ కొట్టించి పంపిన కారం దసరా నాటికి ఇటుక పొడిలా అయిపోతోందని.

బావ చెప్పింది నిజమే. మిరపకి ఆ ఎరుపునిచ్చేవి కెరోటినాయిడ్లు. వాటిలో ముఖ్యమైనది క్యాప్సాంథిన్. క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్‌కి దగ్గరి చుట్టం. ఆక్సిజన్ తగిలితే ఈ రంగు మెల్లగా విరిగిపోతుంది. ఎండా, వేడీ తోడైతే ఇంకా తొందరగా. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ మాత్రం మొండిది, అంత త్వరగా లొంగదు. పాత కారం రంగు వెలిసిపోయినా కంట్లో నీళ్ళు తెప్పించేది అందుకే. గుంటూరు యార్డులో తేజ రకాన్ని ఘాటు చూసీ, బ్యాడిగి రకాన్ని రంగు చూసీ కొంటారు. రంగు కొలవడానికి ఎగుమతి వాళ్ళ దగ్గర ఆస్టా అనే లెక్కే ఉంది. అంటే రంగు పోవడమంటే అందం పోవడమొక్కటే కాదు, ధర కూడా పోవడం.

ధర మాటొచ్చింది కాబట్టి ఆ ఎనిమిది కిలోల కథ కూడా వినండి.

అది నాన్న 2025 పంట. ఆ ఏడు మిరప రైతు పడ్డ పాట్లు మీరు వార్తల్లో చూసే ఉంటారు. అంతకు రెండేళ్ళ ముందు క్వింటా ఇరవై వేలు దాటిన కాయ, ఆ ఫిబ్రవరికి సగానికి పడిపోయింది. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించింది. మా ఊరి చుట్టుపక్కల చాలామందిలాగే నాన్న కూడా కొంత అమ్మి, కొన్ని టిక్కీలు ఏసీలో పెట్టాడు. ఏసీ అంటే మా దగ్గర కోల్డ్ స్టోరేజీ. ధర లేస్తుందేమోనని చూసి చూసి, సెప్టెంబరులో ఇంటి వాడకానికని ఒక టిక్కీ తెచ్చాడు. నేను గాలి తీసి కట్టింది ఆ టిక్కీలోని కాయనే.

మొదటి పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకి చెమట పడుతుంది చూడండి, ఏసీ కాయకీ అదే జరుగుతుంది. చల్లటి కాయ సెప్టెంబరు ముసురు గాలిలోకి రాగానే తేమ పట్టి మెత్తబడుతుంది. "రెండెండలు చూపించి కట్టరా" అని నాన్న అన్నాడు కూడా. రోజూ జల్లు పడుతుంటే ఎండెక్కడ? పైగా నా చేతిలో కొత్త మిషన్ ఉంది. గాలే లేనప్పుడు ఇంకేం పాడవుతుందిలే అనుకున్నా.

మిషన్ లాగేది గాలిని. కాయ కండలో ఉన్న తేమని కాదు. పైగా ఆ తేమ బయటికి పోయే దారిని కూడా మూసేస్తుంది. గోనె టిక్కీలో ఉంటే పొడి రోజుల్లో కాస్తో కూస్తో ఆరేది. పండు మిరపలో మూడొంతులదాకా నీళ్ళే. కల్లంలో ఎండాక అది నూటికి పది, పదకొండుకి రావాలి. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన కూడా పదకొండు శాతం మించొద్దనే. బిగుసుకునే ఉన్న ఆ ఏడు ప్యాకెట్లు నాకు ఎక్కువ పాఠం చెప్పాయి. గాలి తగలకపోయినా, తేమ ఎక్కువున్న కాయ లోపల్లోపలే గోధుమ రంగుకి తిరుగుతుంది.

మరి బూజు పట్టిన ఐదింటి సంగతేంటి? దానికి కారణం తొడిమ. ఎండిన మిరప తొడిమ సూదికంటే తక్కువేం కాదు. మిషన్ గాలి లాగేకొద్దీ కవర్ కాయలమీదికి బిగుస్తుంది, తొడిమ కవర్‌ని పొడుస్తుంది. కంటికి కనపడని చిల్లు. రెండు మూడు రోజుల్లో గాలి మెల్లగా లోపలికి చేరుతుంది. లోపల తేమ ఎలాగూ ఉంది. బూజుకి అంతకన్నా ఏం కావాలి?

"పైపైన దులిపి, మళ్ళీ ఎండబెట్టి కొట్టిద్దాంలేరా" అంది అమ్మ. పంట పారేయాలంటే ఎవరికి చేతులొస్తాయి? కానీ మిరపమీద పట్టే బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసేవి ఉన్నాయి. కాలేయానికి చేటు, క్యాన్సర్ తెస్తుంది. బూజు దులిపితే పోదు, ఎండబెడితే పోదు, పోపులో మాడ్చినా పూర్తిగా పోదు. యూరప్‌కి వెళ్ళే మిర్చి సరుకు కొన్నిసార్లు వెనక్కి తిరిగొచ్చేది దీనివల్లే. ఈ ముక్క అమ్మకి చెప్పడం మహా కష్టమైంది. చివరికి నాన్నే లేచి, పదహారులో ఇంట్లో మిగిలిన పన్నెండూ తీసుకెళ్ళి చేను గట్టున గొయ్యి తీసి పూడ్చాడు. అక్క అక్కడ తనవి డస్ట్‌బిన్‌లో వేసింది.

ఆ రాత్రి ఊరికే లెక్కేశాను. కేంద్రం చెప్పిన ధర ప్రకారం ఎనిమిది కిలోల కాయ విలువ 942 రూపాయలు. నా మిషన్ ఖరీదులో మూడో వంతు. నారు పోసి, మందులు కొట్టి, కూలీలతో కోయించి, కల్లంలో తిరగేసి ఎండబెట్టిన కాయ! పోయిన కాయకన్నా ఆ అంకె చూస్తేనే నాకు ఎక్కువ మండింది.

మళ్ళీ మొదలుపెట్టడానికి డిసెంబరు దాకా ఆగాల్సొచ్చింది. అక్టోబరు చివర్లో మోంథా తుపాను, ఆ తర్వాత కూడా మబ్బులే. ఎండ కాసిన వారంలో అదే టిక్కీలోని మిగతా కాయని డాబా మీద పట్టా పరిచి మూడు రోజులు ఆరబోశాం. సాయంత్రం మంచు దిగకముందే ఎత్తేయాలి, లేదంటే పొద్దున ఎండినదంతా రాత్రికి మళ్ళీ పీల్చుకుంటుంది. ఊపితే లోపల గింజ గలగలలాడాలి, ఇది నాన్న పరీక్ష. నాది ఇంకోటి. గుప్పెడు కాయల్ని పొడి గాజు సీసాలో వేసి, మూత బిగించి గంటసేపు ఎండలో పెట్టా. సీసా లోపలివైపు మసకగా ఆవిరి పడితే కాయ ఇంకా పచ్చి అన్నట్టే. మొదటి రోజు పడింది. మూడో రోజు పడలేదు.

ఈసారి తొడిమ మొత్తం పీకలేదు. పీకితే కాయ నోరు తెరుచుకుని గింజలు రాలతాయి. టోపీ అలాగే ఉంచి, తోక వరకు కత్తెరతో కత్తిరించాం. అమ్మా, పిన్నీ, నేనూ కూర్చుంటే ఒక మధ్యాహ్నం పట్టింది. కవర్ లోపల చుట్టూ ఖాకీ కాగితం పెట్టి అందులో కాయ పోశాం. మిషన్ని పూర్తిగా లాగనివ్వకుండా కాయ నలిగే ముందే ఆపి సీల్ కొట్టా. దాని పక్కనే రెండో సీల్.

కవర్ల గురించి ఒక మాట. మామూలు పాలిథిన్ కవర్ నీటిని ఆపుతుంది గానీ ఆక్సిజన్‌ని అంతగా ఆపదు. గాలి తీసి కట్టినా నెలల తరబడి మెల్లగా చొరబడుతూనే ఉంటుంది. నైలాన్ పొర కలిసిన కవర్ కావాలి. ఇంట్లో వాడే చిన్న మిషన్లకైతే లోపలివైపు గీతలు గీతలుగా ఉన్నవే పనిచేస్తాయి, నున్నటి కవర్‌లోంచి అవి గాలి లాగలేవు. ఇంకో విషయం, ఈ మిషన్లు గాలినంతా తీసేస్తాయని నమ్మకండి. బయట గాలి ఒత్తిడి సుమారు 101 కిలోపాస్కల్. వీటి డబ్బాల మీద రాసేది 60 నుంచి 80. అంటే కొంత గాలి ఎప్పుడూ మిగులుతుంది. ఆ కొంచెం కూడా పోవాలంటే ఇనుప పొడి ఉండే ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లాలు దొరుకుతాయి. నేను అక్కకి పంపేవాటిలో వేశాను, ఇంటివాటిలో వేయలేదు.

కట్టిన ప్యాకెట్లని ఒక రాత్రి అలా వదిలేయండి. తెల్లారేసరికి ఏదైనా మెత్తబడిందంటే చిల్లున్నట్టే. మా పన్నెండులో రెండు అలా దొరికిపోయాయి. మంచివాటిని వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం, కాయలో పురుగు గుడ్లుంటే చావాలని. బయటికి తీశాక ప్యాకెట్ మామూలు వేడికి వచ్చేదాకా విప్పకూడదు. తొందరపడి విప్పారో, మళ్ళీ అదే చెమట కథ. తర్వాత పేపర్లో చుట్టి, తేదీ రాసి స్టీలు డ్రమ్ములో పెట్టేశాం. కవర్ పారదర్శకంగా ఉంటుంది కదా, అటక మీద వెలుతురు పడినా రంగు పోతుంది.

కారంగా కొట్టించి ప్యాక్ చేయొచ్చా అని అడుగుతారు. చేయొచ్చు. కానీ పొడి చేశాక గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, రంగు కూడా అంతే తొందరగా పోతుంది. నా మటుకు నేను కాయగానే దాచి, నెలకి సరిపడా కొట్టుకోమంటాను. పొడే కావాలంటే ముందు పల్చటి కాగితం పొట్లంలో వేసి, ఆ పొట్లాన్ని కవర్‌లో పెట్టండి. లేదంటే కారం మిషన్ మోటారులోకి పోతుంది, తర్వాత వారం రోజులు ఏది ప్యాక్ చేసినా ఇల్లంతా తుమ్ములే. సీల్ పడే చోట పొడి బట్టతో తుడవండి. అక్కడ కాస్త కారం ఉన్నా సీల్ నిలవదు.

వెల్లుల్లి కారాన్ని మాత్రం ఇలా కట్టి బయట పెట్టకండి. పచ్చి వెల్లుల్లిలో తేమ ఉంటుంది. గాలి లేని, తేమ ఉన్న చోటే పెరిగే బొటులిజం బ్యాక్టీరియా ఒకటుంది, అది చేసే విషం ప్రాణాల మీదికి తెస్తుంది. పైగా వాసనతో కనిపెట్టలేం. వెల్లుల్లి కారం ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగు రోజుల్లో తినేయడమే మేలు. గాలి తీసి దాచడం బాగా ఎండినవాటికే.

జనవరిలో అక్కకి మళ్ళీ నాలుగు ప్యాకెట్లు పంపాను. మార్చి చివర్లో ఒకటి విప్పి వీడియో కాల్ చేసింది. మిక్సీలో వేసి తెల్ల పళ్ళెంలో పోసి చూపించింది. ఫోన్‌లో రంగు ఏం తెలుస్తుంది? కానీ పక్కనే పోయినేటి కారం కూడా పోసింది, ఆ తేడా మాత్రం తెలిసింది. ఆ తర్వాత తుమ్ములు మొదలై ఫోన్ పెట్టేసింది.

అమ్మ మాత్రం తన కారం జాడీకే. అడుగున రాళ్ళ ఉప్పు, మధ్యలో ఇంగువ ముక్క, మూతికి గుడ్డ. "నీ కవర్లు నీ దగ్గరే పెట్టుకో" అంటుంది. నిన్న మాత్రం ఆవకాయకి కాయ ఏదని వెతుక్కుంటూ వచ్చి, డ్రమ్ములోంచి నాలుగు ప్యాకెట్లు తీసుకెళ్ళింది. తేదీ చూసి పాతవే తీసింది.